పొట్టలోని పొర పదిలం

కిడ్నీలు చేతులెత్తేసినవారికి రక్తాన్ని శుభ్రం చేసే దారుల్లో పెరిటోనియల్ డయాలసిస్ ఒకటి. పొట్టలోని అవయవాలను కప్పి ఉండే పెరిటోనియం అనే పలుచని పొరే ఇందులో జల్లెడ. మెషీన్ డయాలసిస్‌లో ఫిల్టరు పాడైతే కొత్తది పెడతారు. ఈ పొరకు ఆ వీలు లేదు.

మెత్తని గొట్టం ద్వారా సాధారణంగా రెండు లీటర్ల ద్రవాన్ని పొట్టలోకి ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి తీసేస్తారు. ఒంట్లో పేరుకున్న నీటిని లాగేది అందులోని గ్లూకోజు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ గ్లూకోజే ఏళ్ల తరబడి తగిలి పొరను దెబ్బతీస్తుంది. పైన ఒకే వరుసగా పరుచుకున్న మీసోథీలియల్ కణాలు రాలిపోతాయి, వాటి అడుగు గట్టిపడి మందమవుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. నాళాలు పెరిగితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు గ్లూకోజు త్వరగా రక్తంలో కలిసిపోయి, నీటిని లాగే బలం తగ్గుతుంది. నీరు రావడం లేదని ఇంకా గాఢమైన బ్యాగు ఎక్కిస్తే పొర మరింత చెడుతుంది. బాగా గాఢమైన 4.25 శాతం బ్యాగును 4 గంటలు ఉంచినా, ఎక్కించినదానికంటే 400 మిల్లీలీటర్లైనా అదనంగా రాకపోతే పొర నీటిని తీయలేకపోతోందని డాక్టర్లు భావిస్తారు.

అందుకే నేను అన్నిటికంటే ముందు ఉప్పు గురించే చెబుతాను. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది, ఒంట్లో చేరే నీరూ తగ్గుతుంది. గాఢత తక్కువున్న 1.5 శాతం బ్యాగుతోనే గడిచే రోజులు పెరుగుతాయి. మూత్రం ఇంకా వస్తుంటే దాన్నీ కాపాడుకోవాలి. అది తీసేసే నీరు పొర తీయాల్సిన పని లేదు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదనేది ఇందుకే.

ఎక్కువ గంటలు ఉంచే బ్యాగుకు, గ్లూకోజుకు బదులుగా నీటిని లాగే ఐకోడెక్స్‌ట్రిన్ మంచి తోడు. పిండిపదార్థం నుంచి తీసిన పెద్ద అణువులు కావడంతో అవి నెమ్మదిగా మాత్రమే ఒంట్లోకి ఇంకుతాయి. ఒక జాగ్రత్త: ఇది వాడేవారికి కొన్ని రకాల గ్లూకోమీటర్లు షుగరును ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

రెండు అరల బ్యాగులూ ఉన్నాయి. ద్రవాన్ని వేడితో స్టెరిలైజ్ చేసేటప్పుడు గ్లూకోజు కొంత విరిగి పొరకు హాని చేసే పదార్థాలు పుడతాయి. గ్లూకోజును విడిగా ఆమ్ల ద్రవంలో ఉంచితే అవి బాగా తగ్గుతాయి. వాడేముందు మధ్య అతుకు విడేలా నొక్కి రెండు ద్రవాలనూ కలుపుతారు.

ఇక ఇన్‌ఫెక్షన్. ఈ పొరకు సోకే ఇన్‌ఫెక్షన్‌ను పెరిటోనైటిస్ అంటారు. తీవ్రమైనది ఒక్కటి చాలు, పొర పనికిరాకుండా పోవచ్చు. గొట్టం ముట్టుకునే ప్రతిసారీ చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మాస్కు వేసుకోవాలి. బయటికి వచ్చిన ద్రవం మసకగా కనిపిస్తే, నొప్పి లేకపోయినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ బ్యాగు వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి.