రాగి గీతకు మెలికలెందుకు?

పోయిన వారం అమలాపురంలో పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు పాత మదర్‌బోర్డు పట్టుకొచ్చాడు. ప్రాసెసర్ నుంచి మెమరీ వైపు వెళ్లే సన్నటి రాగి గీతలు చూపించి, "మాస్టారూ, తిన్నగా పోయే చోటుంది కదండీ, పాములా ఇన్ని మెలికలెందుకండీ?" అన్నాడు.

ఆలస్యం కోసం. ఎనిమిది డేటా గీతలు ఒక జట్టు. 'ఇప్పుడు చదువుకో' అని చెప్పే స్ట్రోబ్ సంకేతంతో పాటే అన్నీ చేరాలి. అందుకని దగ్గరి దారి దొరికిన గీతను కావాలనే సాగదీస్తారు. బోర్డు లోపలి పొరల్లో సంకేతం నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు పోతుంది, శూన్యంలో కాంతి వేగంలో సగం. అంటే మిల్లీమీటరుకు దాదాపు 6.7 పికోసెకన్లు (నానోసెకనులో వెయ్యో వంతు ఒక పికోసెకను). డీడీఆర్4-3200 మెమరీలో ఒక బిట్‌కు దక్కేది 312.5 పికోసెకన్లే. గీతల పొడవులో 10 మిల్లీమీటర్ల తేడా వస్తే అందులో ఐదో వంతు పోయినట్టే.

తీగలో ఎలక్ట్రాన్లు పరిగెడతాయని పిల్లలకు ఇంకా చెబుతూనే ఉన్నాం. ఇది మానాలి. ఎలక్ట్రాన్లది నత్తనడక. పరిగెత్తేది విద్యుదయస్కాంత క్షేత్రం. అది పోయేది రాగిలో కాదు, గీతకూ కిందున్న గ్రౌండ్ రేకుకూ, అంటే బోర్డులో పరిచిన రాగి పొరకూ మధ్య ఉన్న ఫైబర్‌గ్లాస్‌లో. ఈ మాట పట్టుబడితేనే మెలికల అసలు కథ అర్థమవుతుంది.

చేలో బోదెను అటూ ఇటూ తిప్పి పక్కపక్క వరసలుగా తవ్వారనుకోండి. మధ్య గట్టు పలచనైతే, పైగా పీతలు బొరియలు పెడితే, నీరంతా మలుపు దాకా వెళ్లి తిరిగి రాదు. కొంత గట్టులోంచి ఊరి పక్క వరసలోకి దిగిపోతుంది. బోదె పొడవు కొలిచి నీరు ఫలానా వేళకు వస్తుందని లెక్క వేసుకున్న రైతు కాళ్ల కింద ముందే తడి తగులుతుంది.

గీతలోనూ ఇదే జరుగుతుంది. మొదటి వరసలో సంకేతం కుడికి బయలుదేరగానే దాని క్షేత్రం పక్క వరసను తాకి అక్కడ చిన్న సంకేతాన్ని పుట్టిస్తుంది. లోపలి పొరల్లో ఆ చిన్న సంకేతం వెనక్కే, అంటే ఎడమకే పోతుంది. రెండో వరసలో ముందుకు పోవడమంటే ఎడమకు పోవడమే కదా! మలుపు ఎక్కకుండానే అది తర్వాతి వరసకు చేరిపోతుంది. ఒక వరస దాటడానికి పట్టే కాలం 'టి' అయితే, ఇది అసలు సంకేతం కన్నా రెండు 'టి'లు ముందుంటుంది.

బోదె పోలిక ఇక్కడితో ఆగుతుంది. ఊటలు ఎక్కడివక్కడ ఇంకిపోతాయి. ఇక్కడ మూడు-నాలుగు, అయిదు-ఆరు వరసల మధ్య పుట్టిన ముక్కలు కూడా సరిగ్గా అదే రెండు 'టి'ల ముందు ఉంటాయి. అన్నీ చివర ఒకే క్షణాన కలుస్తాయి. ఒక్కోటి నూటికి ఒకటో రెండో వంతులైనా, పది జతలు కలిస్తే సంకేతం అంచుకు ముందే ఒక మెట్టు లేస్తుంది. పొడవు లెక్క ప్రకారం రావాల్సిన ఆలస్యం రాదు.

మందు గట్టు వెడల్పు చేయడమే. వరసల మధ్య ఖాళీని గ్రౌండ్ రేకు నుంచి గీతకున్న ఎత్తుకు మూడు నాలుగు రెట్లు ఉంచాలి. వరసలు పొట్టిగా ఉంచితే 'టి' తగ్గి, తొందరపడే ముక్క కూడా పెద్దగా ముందుకు పోలేదు.

బోర్డు డిజైన్ నేర్చుకునే పిల్లలకు ఈ భయం లేదు. గీత తొంభై డిగ్రీల మూల తిరిగితే చాలు, ఇంటికి వాస్తు దోషం పట్టినంత టెన్షన్ పడతారు. మామూలు వేగాల్లో ఆ మూల చేసే చెరుపు కొలవడమే కష్టం. దగ్గర దగ్గరగా ఇరికించిన మెలికలు చేసేది ఆసిలోస్కోప్‌లో, అంటే సంకేతాన్ని బొమ్మగా చూపే పరికరంలో, కళ్లకు కనబడుతుంది.

కుర్రాడికి భూతద్దం ఇచ్చాను. మెలికల మధ్య ఖాళీలో అలాంటి గీతలు ఇంకా మూడు పడతాయని లెక్కపెట్టి చెప్పాడు.