ఫ్రీక్వెన్సీ పెరిగితే తరంగం అలిసిపోతుందా?

టవర్ నుంచి ఇంటి రిసీవర్‌కు 5జీ ఇంటర్నెట్ పంపడానికి 26 గిగాహెర్ట్జ్ లాంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీ (తరంగం సెకనుకు ఊగే సార్లు) కూడా వాడతారు. దానిమీద ఉన్న అపోహలివి.

అపోహ: ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే తరంగం దూరం పోలేదు.

డాబా మీది డీటీహెచ్ డిష్ చూడండి. 36,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం నుంచి 11 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పట్టుకుంటోంది. అడ్డు లేని దారిలో తరంగానికి అలసట లేదు, అసలు తేడా యాంటెన్నా దగ్గరే. మామూలు యాంటెన్నా సైజు తరంగదైర్ఘ్యాన్ని (ఒక్కో అల పొడవు) బట్టి ఉంటుంది: 700 మెగాహెర్ట్జ్‌కి ఆ పొడవు 43 సెంటీమీటర్లు, 26 గిగాహెర్ట్జ్‌కి 11.5 మిల్లీమీటర్లు. వానలో బిందెకు బదులు టీ గ్లాసు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి? 100 మీటర్ల దూరంలో లెక్కేస్తే మొదటిదానికి నష్టం 69 డెసిబెల్స్, రెండోదానికి 101. ప్రతి 10 డెసిబెల్స్ నష్టానికి సిగ్నల్ పదో వంతుకు పడిపోతుంది.

ఈ లోటు పూడ్చడానికే 5జీలో బుల్లి యాంటెన్నాలను గుంపుగా పేరుస్తారు. ఐదు సెంటీమీటర్ల చదరంలో 64 పడతాయి, 18 డెసిబెల్స్ వెనక్కి వస్తాయి.

అపోహ: గాల్లోని ఆక్సిజన్ మింగేస్తుంది.

60 గిగాహెర్ట్జ్ దగ్గర నిజమే, కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్స్. కానీ మన దేశంలో 2022 స్పెక్ట్రమ్ వేలంలో ఇలాంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో పెట్టింది 26 గిగాహెర్ట్జ్. అక్కడ ఆక్సిజన్ లెక్కలోకే రాదు. గంటకు 25 మిల్లీమీటర్ల వాన పడినా నష్టం కిలోమీటరుకు 3 నుంచి 4 డెసిబెల్స్, టవర్‌కూ రిసీవర్‌కూ మధ్య 200 మీటర్ల లింకుకు ఒక్కటి కూడా కాదు. మరి వానకు డిష్ ఎందుకు ఆగుతుందంటే, ఆ సిగ్నల్ కొన్ని కిలోమీటర్ల వానను దాటి రావాలి, పైగా వచ్చేదే అంతంతమాత్రం.

అపోహ: పవర్ పెంచితే ఇంట్లోకి వస్తుంది.

రాదు. మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ త్రీజీపీపీ మోడల్ ప్రకారం కాంక్రీటు గోడ 700 మెగాహెర్ట్జ్‌లో 8 డెసిబెల్స్ తింటే, 26 గిగాహెర్ట్జ్‌లో 109 తింటుంది. అంటే వెయ్యి కోట్ల రెట్లకు పైమాటే. ఏ టవరూ అంత పవర్ ఇవ్వలేదు. మామూలు అద్దం నయం, 7తో పోతుంది. ఎండ ఆపడానికి లోహపు పూత వేసిన అద్దమైతే 31. కిటికీ లోపల రిసీవర్ పెట్టి స్పీడు లేదనేవాళ్లు ముందు ఆ అద్దం ఏ రకమో చూసుకోవాలి.

అందుకే రిసీవర్ బయటే బిగించాలి. టవర్ కంటికి కనిపిస్తే సరిపోదు. 200 మీటర్ల లింకులో నడిమధ్యన చూపు గీతకు చుట్టూ 76 సెంటీమీటర్ల మేర ఖాళీ ఉండాలి. శివరాత్రికి ఆకు రాల్చిన వేపచెట్టు కొమ్మల సందులోంచి గురి పెడితే, ఉగాదికి చిగురు తొడిగేసరికి లింకు పడిపోతుంది. పైపు ఎత్తు పెంచండి, లేదా పిట్టగోడకు ఇంకో మూలకు మార్చండి. తర్వాత రిసీవర్‌ను 5 డిగ్రీల చొప్పున తిప్పుతూ, ఒక్కో చోట అంకె నిలకడగా ఆగేదాకా ఉండి ఆర్ఎస్ఆర్‌పీ (అందుతున్న సిగ్నల్ బలం) రాసుకోండి. మైనస్ 100 కన్నా మైనస్ 85 మెరుగు. తిప్పేటప్పుడు రిసీవర్ ముందు నిలబడొద్దు, మనిషి ఒళ్లు అడ్డొస్తేనే 20 డెసిబెల్స్ పైన పోతాయి.