కమాన్ కట్ట ఎందుకు కిర్రుమంటుంది?

పరకాలలో మా బావకు ఒక పికప్ బండి ఉంది. మిర్చి సీజన్‌లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్తాలు ఎక్కించుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుతాడు. పోయినేడు ఆ బండి వెనక నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు మొదలైంది. పొద్దున మొదటి ట్రిప్పులో మరీ ఎక్కువ. బండి కడిగిన రోజు మాత్రం చప్పుడే ఉండదు, మర్నాటికి మళ్లీ మొదలు. ఒక మెకానిక్ కమాన్ కట్టలకు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులకు, కాలిన ఇంజన్ ఆయిల్ పూసి పంపించాడు. పది రోజులు హాయిగా గడిచింది. ఆ తర్వాత చప్పుడు ముందుకంటే పెరిగింది. బావకు టెన్షన్ పట్టుకుంది, కట్ట విరిగితే సీజన్ మధ్యలో బండి ఆగిపోతుందని.

అసలు కట్టలో అన్ని పట్టీలు ఎందుకు, ఒకే మందపాటి పట్టీ చాలదా? ఉక్కు పట్టీ మందం అయిదు రెట్లయితే దాన్ని అంతే వంచడానికి 5 కాదు, 125 రెట్ల బలం కావాలి. బిగుసుతనం మందం ఘనంతో పెరుగుతుంది మరి. అదే అయిదు పలుచటి పట్టీలను ఒకదానిపై ఒకటి పేరిస్తే అయిదు రెట్లే సరిపోతుంది. అందుకే కట్ట బరువు మోస్తూనే వంగగలుగుతుంది. కానీ విడివిడి పట్టీలు కాబట్టి వంగిన ప్రతిసారీ ఒకదానిపై ఒకటి జరగక తప్పదు. లావుపాటి నోటుపుస్తకాన్ని వంచి చూడండి, కాగితాల అంచులు మెట్లు మెట్లుగా జరుగుతాయి.

పొడిబారిన ఉక్కు ఉక్కు మీద ఒకే తీరుగా జారదు. ముందు పట్టుకుంటుంది, బలం పెరిగాక ఒక్కసారి విడిపోయి జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు వందల, వేల సార్లు ఇలా జరిగితే పట్టీ కంపిస్తుంది. మనకు వినిపించే కిర్రు అదే. వయొలిన్ తీగ పలికేదీ ఇలాగే, దాన్ని వాయించే పుల్లను కూడా మనం కమాను అనే అంటాం! మన చెవి 2000 నుంచి 5000 హెర్ట్‌జ్ మధ్య శబ్దాలను బాగా పసిగడుతుంది, కాబట్టి చిన్న కీచు కూడా చెవిలో గుచ్చుకుంటుంది.

కదలకుండా ఉన్నప్పటి ఘర్షణ, కదిలేటప్పటి ఘర్షణ కంటే ఎక్కువ కావడమే దీనికంతటికీ మూలం. ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్ 1785లో ప్రచురించిన పరిశోధనలో ఇంకో సంగతి చెప్పాడు: రెండు తలాలు ఎంత ఎక్కువసేపు కదలకుండా తాకి ఉంటే వాటిని కదిలించడం అంత కష్టం కావచ్చు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున ఎక్కువ అరవడానికి ఇదొక కారణం కావచ్చు. చలికి, కట్ట కొనల్లో బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు బిగుసుకోవడం మరొకటి.

నీళ్లు తగిలితే చప్పుడు ఆగుతుందన్న సంగతినే మేము వెతకడానికి వాడుకున్నాం. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, బావ వెనక బంపర్ మీద ఎక్కి ఊపాడు. నేను పక్కన కూర్చుని, స్ప్రే సీసాతో ఒక్కో కీలు మీద మాత్రమే నీళ్లు కొడుతూ పోయాను. కుడివైపు రెండో పట్టీ కొన తడవగానే సగం చప్పుడు పోయింది. "బావా, ఇంకోసారి ఊపు" అన్నాను. ఎడమవైపు షాకిల్ (కట్ట కొనను బండి చట్రానికి కలిపే ఊగే లింకు) బుష్ తడిపాక మిగతా సగమూ ఆగింది. షాకిల్ చుట్టూ గోధుమరంగు తుప్పుపొడి కూడా కనిపించింది, లోహం లోహాన్ని అరగదీస్తోందనడానికి గుర్తు. కిర్రు కాకుండా టక్కుమని కొట్టుకునే చప్పుడు వస్తే మాత్రం కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులయ్యాయా, పట్టీ పగిలిందా అని చూడాలి. అప్పుడు బండి లోడుకు తీయకూడదు.

కాలిన ఆయిల్ చేసిన చెరుపు రెండు రకాలు. దుమ్మును పట్టి ఉంచి పట్టీల మధ్య గరకు ముద్ద తయారుచేసింది. పైగా అది కారి రబ్బరు బుష్‌లోకి ఇంకింది. మామూలు రబ్బరు ఖనిజ నూనెను పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. బుష్ తీశాక చూస్తే వేలితో నొక్కగానే ముక్కలు రాలాయి. పట్టీ కొనలో ఉండాల్సిన ప్లాస్టిక్ ప్యాడ్ పూర్తిగా అరిగిపోయింది. కొత్త ప్యాడ్, కొత్త బుష్ వేయించాం. కట్ట విప్పే పని ఇంట్లో జాకీ మీద పెట్టుకోవద్దు, వంగి ఉన్న ఉక్కులో దాచిన శక్తి ఒక్కసారి బయటపడితే చేతులు పోతాయి. పట్టీల కొనల దగ్గర మాత్రం గ్రాఫైట్ పూత చాలు. కట్టంతా జారుడుగా చేయడం తప్పు, ఆ కాస్త ఘర్షణే షాకబ్జర్లకు తోడుగా బండి ఊగిసలాటను ఆపుతుంది.

రబ్బరు బుష్ బోల్టును చివరగా బిగించాల్సింది చక్రాలు నేల మీద ఆనాకే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలి తిరిగిన స్థితిలో ఇరుక్కుని తొందరగా చిరుగుతుంది. బావ ఈసారి దగ్గరుండి మరీ బండిని దింపించాకే స్పానర్ తిప్పనిచ్చాడు. నాలుగైదు ట్రిప్పుల తర్వాత యూ బోల్టులను మళ్లీ ఒకసారి బిగింపించాడు.