నగిషీ ఎక్కువైతే తలకే ముప్పు

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక శిరస్త్రాణం ఉంది. ఫొటోలో చూస్తే ఎవరైనా కంచు పోత అనే అనుకుంటారు. నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, నడినెత్తి మీద వెల్లకిలా వాలిన ఓ జలకన్య చేతులు చాచి నుదుటి దగ్గర మెడూసా (గ్రీకు కథల్లో పాముల జుట్టున్న రాక్షసి) తలని జుట్టు పట్టుకుని ఉంటుంది, పక్కలంతా మెలికలు తిరిగిన ఆకుతీగలూ, వాటి మధ్య బొద్దు పిల్లలూ. తీరా చూస్తే అది పోత కాదు, కంచూ కాదు. ఒకే ఒక్క ఉక్కు రేకుని సుత్తితో కొట్టి కొట్టి లేపిన డిప్ప అది, కంచులా కనిపించాలని పైన నల్లరంగు తెప్పించారు. చేసింది మిలాన్ కమ్మరి ఫిలిప్పో నెగ్రోలి, 1543లో. నుదుటి పట్టీ మీద తన పేరు, తండ్రి పేరు, సంవత్సరం కూడా వేసుకున్నాడు. అంత పని చేశాక నేనైనా వేసుకుంటాను.

రాగి, వెండి రేకుల మీద ఉబ్బెత్తు బొమ్మలు మన కంసాలులూ తేలిగ్గానే లేపుతారు, ఎందుకంటే అవి మెత్తటి లోహాలు. ఉక్కు అంత తేలిగ్గా లొంగదు. ఇనపతీగని ఒకేచోట అటూ ఇటూ నాలుగుసార్లు వంచి చూడండి, ముందు బిర్రబిగుస్తుంది, తర్వాత టక్కున తెగుతుంది. సుత్తిదెబ్బ పడ్డ రేకుకీ అదే గతి. అందుకే మళ్ళీ మళ్ళీ ఎర్రగా కాల్చి మెత్తబరచాలి, కాల్చినప్పుడల్లా పైన పెచ్చు లేచి లోహం కాస్త పోతుంది, బొమ్మ ముక్కు ఎత్తుగా రావాలంటే అక్కడ రేకు సాగి ఇంకా పలచబడుతుంది. చివర్లో ఒక్క పగులు వస్తే అప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసినట్టే.

ఇంతా చేస్తే నెగ్రోలి శిరస్త్రాణం బరువు 1.87 కిలోలే. అలాగని యుద్ధంలో పెట్టుకునే సరుకు కాదు, ఊరేగింపులకి. నున్నటి గుండ్రటి డిప్ప మీద పడ్డ కత్తి జారిపోతుంది, దెబ్బలో సగం గాల్లోకే పోతుంది. అదే జలకన్య నడుం వంపులో పడిందనుకోండి, అక్కడే చిక్కుకుని మొత్తం బలం మెడ మీదకి దిగుతుంది, పైగా అక్కడ రేకు పలచన. నెగ్రోలి 1533లో ఐదో చార్లెస్ చక్రవర్తికి చేసిన శిరస్త్రాణానికైతే ఉంగరాల జుట్టూ గడ్డమూ కూడా ఉక్కుతోనే మలిచి బంగారు పూత పూశాడు (ఇప్పుడది మాడ్రిడ్‌లో ఉంది). చక్రవర్తి అది పెట్టుకుని గుర్రమెక్కితే జనం నోరు వెళ్ళబెట్టి చూడాలి, అంతే దాని పని.

అందం ఎప్పుడూ బలానికి శత్రువే అనుకోకండి. దాదాపు అదే కాలంలో జర్మనీలో శిరస్త్రాణాల మీద నిలువుచాళ్ళు తీర్చేవారు, చూడటానికి బట్ట మీద కుచ్చిళ్ళలా ఉండేవి. ఇంటి మీద రేకుల షెడ్డు ఉన్నవాళ్ళకి గుట్టు వెంటనే తెలిసిపోతుంది. సాదా రేకు చేత్తో నొక్కినా వంగుతుంది, మడతలు పెట్టిన రేకు మీద మనిషి నడిచినా ఆగుతుంది. లోహం అంతే ఉంది, ఆకారమే మారింది. బరువు పెంచకుండా గట్టిదనం వచ్చింది, సోకు కూడా కుదిరింది.

నాకు అన్నిటికంటే తెలివిగా అనిపించేది మన దేశపు పద్ధతి. మొగలుల కాలపు శిరస్త్రాణం మామూలుగా నున్నటి డిప్పే. పైన ఓ ములుకు, ముక్కుకి అడ్డంగా పైకీ కిందకీ జరిపే పట్టీ, మెడ చుట్టూ గొలుసుల వల. నగిషీ అంతా కోఫ్త్‌గరీ, అంటే ఉక్కు మీద సన్నటి ఉలితో అడ్డదిడ్డంగా గీతలు గీకి, ఆ గరుకులో బంగారు తీగని సుత్తితో అదిమి, తర్వాత నునుపురాయితో రుద్దుతారు. డిప్ప వంపు చెడదు, కత్తికి చిక్కే మెట్టు ఉండదు. ఉదయపూర్‌లో ఈ పని ఇప్పటికీ చేస్తున్నారు.

కొన్ని డిప్పలకి ఆ బంగారం కూడా అక్కర్లేదు. మూసలో కరిగించిన ఉక్కుతో చేసి, పైన ఆమ్లం లాంటిది పూస్తే నీటి అలల్లాంటి చారలు వాటంతటవే తేలతాయి. ఆ రకం ఉక్కు నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో చేసేవారు, దానికోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. ఆ చారలు లోపలి కార్బన్ వరసలవి. కమ్మరి మసక ఎరుపుకి కాగిన వేడిలోనే ఓపిగ్గా సాగగొట్టాలి, తొందరపడి తెల్లగా కాల్చాడా, కార్బన్ ఉక్కులో కలిసిపోయి చారలు మాయమైపోతాయి.