ర్యామ్ నిండింది అంటరు గానీ, సాగర్ నీళ్ల లెక్క చూడాలె

మొన్న మా తమ్ముడు నల్లగొండ నుంచి ఫోన్ జేసి, అన్నా లాప్‌టాప్‌ల 8 జీబీ ఉంటే ఫ్రీ అని 320 ఎంబీనే చూపిస్తుంది, ఇంకో ర్యామ్ కొనాల్నా అన్నడు. ఫ్రీ కాదురా, చివర్ల అవైలబుల్ అని ఉంటది అది చదువు అన్న. 4360 అన్నడు.

వాని లాప్‌టాప్‌ల ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. అది ఖాళీ ర్యామ్‌ని ఊకె ఉంచదు, మనం తెరిచిన ఫైళ్ల కాపీలు అందుల పెట్టుకుంటది, దాన్నే క్యాష్ అంటరు, ఎవరికన్న జాగ కావాలంటే వాటిని తీసేస్తది. మరి ఫ్రీ, క్యాష్ రెండూ కూడితే అయిపాయె గదా అని మునుపు చాలామంది అట్లనే లెక్కేసేటోళ్లు, కానీ క్యాష్ అంకెల ప్రోగ్రాంలు పంచుకునే మెమరీ గూడ కలిసి ఉంటది, దానికి డిస్క్ మీద ఫైలు లేదు, ఎట్ల పారేస్తం? అందుకే 2014ల వచ్చిన 3.14 వర్షన్ నుంచి ఈ అవైలబుల్ అంకెను కెర్నెలే, అంటే లినక్స్‌ల మెమరీని సంభాళించే అసలు భాగమే, లెక్కజేసి చెప్తుంది.

మన సాగర్ నిండు మట్టం 590 అడుగులు, కానీ 510 కింద ఉన్న నీళ్లను కాల్వల లెక్కల పట్టరు. కెర్నెల్ గూడ అంతే, అత్యవసరానికి కొంత ఆపుకుంటది. తమ్ముని మెషిన్ల అది 200 ఎంబీ అనుకుందాం, 320ల పోతే 120. ఫైళ్ల క్యాష్ 4100, అందులకెళ్లి సగమో, ‘లో వాటర్‌మార్క్’ (ఫ్రీ ఇంతకన్న తగ్గితే కెర్నెల్ జాగ ఖాళీ చేసుడు మొదలువెట్టే గీత) అనే హద్దో, ఏది తక్కువైతే అది తీసేస్తది. హద్దు 80 అయితే 4020 మిగులుతది. కెర్నెల్ సొంత సామాన్లల్ల వదిలిపెట్టగలిగేది 300, దానికీ అదే కోత, 220. మొత్తం 4360.

ఆ కోత ఎందుకంటే, నడుస్తున్న ప్రోగ్రాంల కోడ్ గూడ ఆ క్యాష్‌లనే ఉంటది, మొత్తం ఊడ్చేస్తే ప్రతి అడుగుకు మళ్ల డిస్క్ కాడికి ఉరకాలె, మెషిన్ అక్కడ్నే కూలబడ్తది. ఇంత ఆలోచించి కట్టిన లెక్క నాకు మస్తు నచ్చింది. అయినా ఇది అంచనానే, డిస్క్‌కు ఇంక రాయని పేజీలుంటే ముందు రాసినంకనే జాగ దొరుకుతది.

తమ్మునితోని 100 ఎంబీ పాఠం వీడియో ఒకటి కాపీ చేపిచ్చి మళ్ల చూడమన్న. ఫ్రీ 215కు దిగింది, అవైలబుల్ 4350 కాడ్నే ఉన్నది.