మూడు వైర్లు, ఆరు అమరికలు

"వేరే బండి ఇంజన్ తెచ్చి నా కారులో పెట్టించాను. మామూలుగా తాళం తిప్పితే స్టార్ట్ కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి తిప్పితే అవుతుంది. అలా నొక్కే ఉంచితే ఇంజన్ వేగం పెరుగుతూ, పడిపోతూ ఊగుతుంది. కాలు తీస్తే నల్లపొగ వదులుతుంది. థ్రాటిల్ సెన్సర్ కొత్తది వేయించినా మార్పు లేదు. ఎందుకిలా?" అని ఒక పాఠకుడు రాశారు.

ఆయన ఇబ్బంది ఇబ్బందే గానీ, ఇంత చక్కగా లక్షణాలు రాసిన ఉత్తరం నాకు ఈ మధ్య రాలేదు. నొక్కితే వదిలినట్టు, వదిలితే నొక్కినట్టు నడుస్తోంది ఆ ఇంజన్. అంటే సెన్సర్ పాడవలేదు. అది తలకిందులుగా చెబుతోంది.

ఫిజిక్స్ ల్యాబ్‌లో చెక్క మీద బిగించిన పొడవాటి తీగ, దాని మీద జరిపే జాకీ గుర్తున్నాయా? అదే పొటెన్షియోమీటర్. వోల్టేజీ కొలిచే ఆ పద్ధతిని 1841లో జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ పోగెండార్ఫ్ వివరించాడు. ఆ తీగని గుండ్రంగా వంచి, జాకీని థ్రాటిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు) ఇరుసుకి తగిలిస్తే అదే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, తీగ ఒక కొసకి 5 వోల్టులు ఇస్తుంది, రెండో కొసని ఎర్త్ చేస్తుంది. మధ్యలో తిరిగే జాకీ ఎక్కడుంటే అక్కడి వోల్టేజీ సిగ్నల్‌గా వెనక్కి వెళుతుంది. థ్రాటిల్ మూసి ఉంటే సుమారు 0.5, పూర్తిగా తెరిస్తే సుమారు 4.5. సున్నా నుంచి ఐదు దాకా మొత్తం వాడకుండా రెండు చివర్లా కొంచెం వదలడానికి కారణం ఉంది. నిక్కచ్చిగా 0 గానీ 5 గానీ కనిపిస్తే అది థ్రాటిల్ చెప్పిన మాట కాదని, వైరు తెగిందనో ఎక్కడో తాకిందనో ఈసీయూ గ్రహించాలి. అప్పుడే పీ0122, పీ0123 లాంటి లోపం కోడ్‌లు నమోదు చేస్తుంది.

మన పాఠకుడి కారులో ఏ కోడూ లేదు. రెండు కొసల వైర్లు తారుమారైతే 0.5 రావాల్సిన చోట 4.5 వస్తుంది. అది హద్దుల్లోనే ఉంది కాబట్టి ఈసీయూ పూర్తిగా నమ్ముతుంది. స్టార్ట్ చేస్తున్నప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉందంటే, ఇంజన్‌లో పెట్రోలు ఎక్కువై తడిసింది, డ్రైవరు గాలితో ఆరబెడుతున్నాడు అని చాలా ఈసీయూలు అర్థం చేసుకుని పెట్రోలు ఆపేస్తాయి. అందుకే కాలు తీస్తే స్టార్ట్ కాలేదు. కాలు నొక్కి స్టార్ట్ చేశాక వేగం బాగా పెరుగుతుంది, సిగ్నల్ మాత్రం 0.5 అంటోంది. వేగంగా పోతున్న బండిలో డ్రైవరు కాలు తీసేశాడనుకుని మళ్ళీ పెట్రోలు ఆపుతుంది. వేగం పడిపోగానే మళ్ళీ ఇస్తుంది. ఆ ఊగడం అదే. కాలు తీస్తే సిగ్నల్ 4.5, పూర్తి బలం కావాలనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, కనక నల్లపొగ. ఒక్క తారుమారులో మూడు లక్షణాలూ ఇమిడిపోయాయి.

ఇంజన్ మార్చినప్పుడు ఇది ఎందుకు జరుగుతుందంటే, కనెక్టర్ ఆకారం ఒకటే అయినా పిన్నుల వరుస ఒకటే కావాలని లేదు. ఒక థ్రాటిల్ గడియారం దిశలో తెరుచుకుంటుంది, ఇంకొకటి ఎదురు దిశలో. వైర్లు రంగు చూసి కలపడం ఇంకో కారణం. ఎరుపైతే కరెంటు, నలుపైతే ఎర్త్ అనేది పాతుకుపోయిన నమ్మకం. ఒక తయారీదారు రంగుల లెక్క ఇంకొకరికి వర్తించదు.

నన్ను బాగా పట్టుకున్న విషయం ఇప్పుడు చెబుతాను. మూడు వైర్లను మూడు పిన్నులకు ఆరు రకాలుగా కలపొచ్చు. ఒకటి సరైనది, ఒకటి ఇప్పుడు చూసిన తలకిందులు. మిగతా నాలుగింటి సంగతేమిటి? ఆ నాలుగూ వేరువేరుగా కనిపిస్తాయి. దేనికదే తన గుట్టు చెప్పేస్తుంది.

5 వోల్టులు ఉండాల్సిన కొసని పైకొస అని, ఎర్త్ కొసని కిందికొస అని అనుకుందాం. తీగ మొత్తం నిరోధం 5000 ఓములు, థ్రాటిల్ మూసినప్పుడు జాకీకీ కిందికొసకీ మధ్య 500, పూర్తిగా తెరిచినప్పుడు 4500 అనుకుందాం. సరైన అమరికలోనూ, తలకిందుల అమరికలోనూ 5 వోల్టుల వైరులో కరెంటు ఎప్పుడూ 1 మిల్లీఆంపియరే. జాకీ ఎటు తిరిగినా మారదు. మిగతా నాలుగింటిలో జాకీకి 5 వోల్టుల వైరో ఎర్త్ వైరో తగులుతుంది కాబట్టి, కాలు కదిపినప్పుడల్లా కరెంటు 1.1 నుంచి 10 మిల్లీఆంపియర్ల దాకా మారుతుంది. సిగ్నల్ మాత్రం కదలదు.

జాకీకి ఎర్త్, కిందికొసకి సిగ్నల్ వెళ్ళిపోతే సిగ్నల్ 0 దగ్గర ఉండిపోతుంది, కాలు నొక్కేకొద్దీ కరెంటు పెరుగుతుంది. జాకీకి 5 వోల్టులు, పైకొసకి సిగ్నల్ వెళితే సిగ్నల్ 5 దగ్గరే, కాలు తీసినప్పుడే కరెంటు ఎక్కువ. మూడూ ఒక్కో పిన్ను జరిగి, 5 వోల్టులు కిందికొసకీ ఎర్త్ జాకీకీ సిగ్నల్ పైకొసకీ చేరితే సిగ్నల్ 0, కాలు తీస్తే కరెంటు ఎక్కువ. అవే రెండో వైపుకి జరిగితే సిగ్నల్ 5, నొక్కితే కరెంటు ఎక్కువ. సిగ్నల్ 0నా 5నా, కరెంటు నొక్కితే పెరుగుతోందా వదిలితేనా, ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే నాలుగింటిలో ఏదో తేలిపోతుంది. వైరు తెగినా సిగ్నల్ 0 గానీ 5 గానీ చూపిస్తుంది, కానీ అప్పుడు కాలు కదిపినా కరెంటు మారదు. కొన్ని సెన్సర్లలో జాకీ దారిలో రక్షణగా చిన్న రెసిస్టర్ ఉంటుంది. అప్పుడు తేడా తగ్గుతుంది, దిశ అదే.

పిల్లలకి మూడు వస్తువుల ఆరు అమరికలు లెక్కల క్లాసులో చెబుతాం, జాకీని ఫిజిక్స్ ల్యాబ్‌లో చూపిస్తాం. ఈ రెండిటినీ కలిపి ఒక మూడు పిన్నుల సెన్సర్, ఒక మీటర్ చేతికిచ్చి "ఏ పిన్ను ఏదో చెప్పండి" అంటే ఎంత బాగుంటుందో. జవాబు కూడా అందంగా ఉంటుంది: ఇరుసు తిప్పినా ఏ రెండు పిన్నుల మధ్య నిరోధం మారదో అవి రెండు కొసలు, మిగిలింది జాకీ. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు జాకీకి దగ్గరగా ఉన్నది కిందికొస. తీగా జాకీ లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ సెన్సర్ల మీద ఈ పరీక్ష పనిచేయదు. వాటికి 5 వోల్టులు తిరగేసి ఇస్తే పాడైపోవచ్చు కూడా.

ఈసీయూ వైపు వైర్లలో ఒక చిక్కుంది. కనెక్టర్ ఊడదీసి తాళం ఆన్ చేసి కొలిస్తే ఒక్కోసారి రెండు వైర్లూ 5 వోల్టులు చూపిస్తాయి. సిగ్నల్ వైరుని ఈసీయూ లోపల ఒక పెద్ద రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకి కలిపి ఉంచడమే దీనికి కారణం. డిజిటల్ మీటర్ తన నిరోధం సుమారు కోటి ఓములు కాబట్టి దాదాపు కరెంటే లాగదు, తేడా పట్టుకోలేదు. ఆ వైర్లని ఒక్కొక్కటిగా 1000 ఓముల రెసిస్టర్‌తో ఎర్త్‌కి కలిపి చూడాలి. 5 దగ్గరే నిలబడేది అసలైన సరఫరా వైరు, బాగా పడిపోయేది సిగ్నల్.

పాఠకుడు పిన్నులు మార్పించారు. వారం తర్వాత ఇంకో ఉత్తరం: స్టార్ట్ అవుతోంది, నల్లపొగ పోయింది, కానీ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ నిలకడగా ఉండటం లేదు, ఒక్కోసారి ఆగిపోతోంది. ఈసారి ఆయన మీటర్ రీడింగులు కూడా పంపారు. మూసి ఉంటే 1.25, తెరిస్తే 4.58.

నాకు ఆ అంకెలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎర్త్ వైరు జాయింటులో తుప్పు పట్టి 1000 ఓములు అదనంగా చేరిందనుకోండి. మొత్తం 6000. మూసినప్పుడు కింద 1500, అంటే 1.25 వోల్టులు. తెరిచినప్పుడు 5500, అంటే 4.58. కింది అంకె ఎగబాకింది, పై అంకె దాదాపు కదల్లేదు. అదే తుప్పు 5 వోల్టుల వైరులో ఉంటే 0.42, 3.75 వచ్చేవి, పై అంకె కుంగేది. సిగ్నల్ వైరులో ఉంటే దాదాపు ఏమీ మారేది కాదు, అందులో దాదాపు కరెంటే పారదు కాబట్టి. 1.25 చూసిన ఈసీయూ డ్రైవరు కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉందనుకుంటుంది. అందుకని ఆగి ఉన్నప్పటి వేగాన్ని సరిచేసే పని మొదలే పెట్టదు.

కొత్త ఇంజన్ వైర్లని పాత వైర్లతో కలిపిన చోట, సెన్సర్ ఎర్త్ జాయింటు టేపు విప్పి చూడమని రాశాను. రాగి పచ్చగా మారి, రెండు పోగులు మాత్రమే మిగిలి ఉన్నాయట. కోసి, కొత్తగా టంకం పెట్టించారు. ఇప్పుడు 0.51, 4.49.