నేలలోకి దిగిన చమురు ఎక్కడికి పోతుంది?

రోడ్డు మీద పెట్రోలు ఒలికితే కాసేపటికి ఆరిపోతుంది, ఇక మనం మర్చిపోతాం. అదే పెట్రోల్ బంకులో నేల కింద పాతిన ట్యాంకుకు సూది బెజ్జమంత చిల్లు పడి, ఏళ్ల తరబడి చుక్క చుక్కగా కారుతుంటే ఎవరికి తెలుస్తుంది? పక్కింటి బోరు నీళ్లు వాసన వచ్చినప్పుడు టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి కారాల్సింది చాలా కారిపోయి ఉంటుంది.

భయపడాల్సింది ముఖ్యంగా పెట్రోలులో, చమురులో ఉండే బెంజీన్ గురించి. ఇది రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం, పైగా చమురులోని చాలా పదార్థాల కంటే నీళ్లలో బాగా కరుగుతుంది. అమెరికాలో తాగేనీటికి పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు). లెక్క వేసి చూడండి, ఒక్క గ్రాము బెంజీన్ 2 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోగలదు.

నేలలోకి దిగిన చమురు ఏమవుతుందో ప్రపంచానికి బాగా నేర్పిన చోటు అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని బెమిడ్జి ఊరి దగ్గర ఉంది. 1979 ఆగస్టు 20న అక్కడ ముడిచమురు పైపులైను పగిలి దాదాపు 17 లక్షల లీటర్లు బయటికి చిమ్మింది. పల్లంలో మడుగు కట్టిన చమురును తోడారు, మట్టి తవ్వి తీశారు, కొంత తగలబెట్టారు. ఇంత చేసినా సుమారు 4 లక్షల లీటర్లు ఇసుకలోకి ఇంకిపోయి, కొన్ని మీటర్ల లోతున నీటిమట్టం మీద తిష్ఠ వేసింది. 1983 నుంచి అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని వదలకుండా కొలుస్తూ వస్తున్నారు.

కొలవడం అంటే ముందు బోర్లు వేయాలి. కనీసం మూడు చోట్ల నీటిమట్టం చూస్తే గాని నీరు ఎటు నడుస్తోందో తెలియదు. తర్వాత బెయిలర్ అనే పారదర్శకమైన గొట్టానికి తాడు కట్టి మెల్లగా బోరులోకి దింపుతారు. పైకి తీసి వెలుతురులో పట్టుకుంటే అడుగున తేటనీరు, దాని మీద నల్లటి చమురు, మధ్యలో గీత గీసినట్టు హద్దు. ఆ మందం చూసి చుట్టూ ఇసుకలోనూ అంతే చమురు ఉందనుకుంటే పొరపాటే, ఎందుకంటే ఇసుక రేణువుల సందుల్లో చమురు, నీరు కలిసి ఇరుక్కుని ఉంటాయి, బోరులో మాత్రం చమురంతా ఒకచోట చేరి మందంగా తేలుతుంది.

పంపు పెట్టి మొత్తం తోడేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నూనె డబ్బాను ఎంతసేపు బోర్లించినా గోడలకు జిడ్డు మిగిలిపోతుంది చూడండి, నేలలోనూ అంతే. బెమిడ్జిలో 1999 నుంచి 2004 దాకా మళ్లీ పంపులు పెట్టి లక్ష లీటర్లకు పైగా తోడారు, అయినా చమురు మిగిలే ఉంది. పెట్రోలు లాంటి తేలిక ఇంధనమైతే నేలలోంచి గాలిని పీల్చి ఆవిరి రూపంలో కొంత లాగేయొచ్చు. బరువైన ముడిచమురు దగ్గర ఆ పద్ధతి అంతగా సాగదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది మాత్రం వేరే సంగతి. 1996 నాటికి భూగర్భజలం ఆ చోటి నుంచి సుమారు 500 మీటర్లు నడిచింది, కానీ అందులో కరిగిన చమురు పదార్థాలు మాత్రం 200 మీటర్ల దగ్గరే ఉన్నాయి. దారిలో వాటిని నేలలోని బాక్టీరియా తినేస్తోంది! ఈ బాక్టీరియాకూ శ్వాస కావాలి కాబట్టి ముందు నీటిలో ఉన్న ఆక్సిజన్ వాడుకుంటాయి, అది అయిపోయాక ఇసుక రేణువులకు పూతలా పట్టి ఉన్న ఇనుప తుప్పును వాడుకుంటాయి, అదీ తగ్గిన చోట వేరే రకం సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. ఈ పనికి ఆ నేల చుట్టుపక్కల కంటే కాస్త వేడెక్కింది కూడా.

అయితే ఈ తిండికి ఒక ఖరీదు ఉంది. ఇసుక మీది తుప్పు పూత సహజంగానే కొంచెం ఆర్సెనిక్‌ను పట్టుకుని ఉంటుంది. బాక్టీరియా ఆ తుప్పును కరిగించేసరికి ఆర్సెనిక్ విడిపోయి నీళ్లలో కలుస్తుంది. బెమిడ్జిలో అది లీటరుకు 230 మైక్రోగ్రాముల దాకా కనబడింది, తాగేనీటికి హద్దు 10. చమురు తెచ్చిన విషం కాదది, ఆ నేలలో ముందు నుంచీ కదలకుండా పడున్నదే. నీరు ఇంకాస్త ముందుకు వెళ్లి ఆక్సిజన్ దొరికే చోటికి చేరితే ఇనుము మళ్లీ తుప్పుగా మారి ఆర్సెనిక్‌ను మళ్లీ పట్టేసుకుంటుంది. కానీ ఆ మధ్యలో ఎవరిదైనా బావి ఉంటే? అందుకే ఇలాంటి చోట బెంజీన్ ఒక్కటి చూసి నీళ్లు బాగున్నాయని సర్టిఫికెట్ ఇస్తే నేను ఒప్పుకోను, ఆ శాంపిల్‌కే ఆర్సెనిక్ పరీక్ష కూడా చేయించాలి.